దీవుల మ్యాప్: ఓడ రూల్ మారినప్పుడల్లా

ఊళ్లు కట్టి సామ్రాజ్యం పెంచే కంప్యూటర్ గేమ్ సివిలైజేషన్‌లో ఆర్కిపెలాగో (దీవుల) మ్యాప్ ఎంచుకుంటే టెన్షన్ తొందరగానే మొదలవుతుంది. మన దీవిలో మూడు నాలుగు ఊళ్లకు మించి చోటుండదు. ఆ పైన అంతా నీళ్లే. ఉన్న ఊళ్లను పెంచుకోవాలా, ఓడలు కట్టి బయల్దేరాలా? ముప్పై ఏళ్లు దాటినా దీనికి ఒక్క జవాబు కుదరలేదు. ఓడ ఎంతదూరం పోవచ్చు, నీటి గడికి ఎంత విలువ అన్నవి దాదాపు ప్రతి భాగంలోనూ మారుతూ వచ్చాయి మరి.

1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ చేసిన మొదటి ఆటలో తొలి ఓడ ట్రైరీమ్. మన వంతు (టర్ను) అయ్యేసరికి ఒడ్డు పక్కన లేకపోతే మునిగే అవకాశం సగానికి సగం. లోపలున్న సెట్లర్లూ (కొత్త ఊళ్లు పెట్టేవాళ్లు) దాంతోపాటే పోతారు. అందుకని ఒడ్డు పట్టుకుని పాకడమో, బొమ్మా బొరుసా అనుకుని తెగించడమో చేసేవాళ్లు. 1996 నాటి రెండో భాగం కాస్త కనికరించింది. హార్బర్ కడితే సముద్రపు గడుల్లో తిండి పెరిగేది. లైట్‌హౌస్ వండర్ (ఆటలో ఒక్కరే కట్టగల అద్భుత కట్టడం) ఉంటే ట్రైరీమ్‌లు మునిగేవి కావు.

దీవుల ఆటకు అసలు రుచి వచ్చింది మాత్రం 2005లో, నాలుగో భాగంతో. (నా పక్షపాతం దాచుకోను.) ఇందులో తొలినాటి ఓడ గ్యాలీ మునగదు, కానీ మన సరిహద్దు దాటాక తీరం వదిలి పోలేదు. తీరపు గడి ఇచ్చేది 1 తిండి, 2 కామర్స్ (డబ్బుగా మారే రాబడి). ఊళ్లో మామూలు లైట్‌హౌస్ కడితే తిండి 2 అవుతుంది. మన నాయకుడికి ఫైనాన్షియల్ లక్షణం ఉంటే కామర్స్ 3, కొలోసస్ వండర్ కూడా మనదే అయితే 4. వీటికి తోడు గ్రేట్ లైట్‌హౌస్ వండర్ తీరంలోని ప్రతి ఊరికీ రెండు ట్రేడ్ రూట్లు అదనంగా ఇస్తుంది. అందుకే దీవుల మ్యాప్ అనగానే అందరూ దాని మీద పడేవాళ్లు. డబ్బుకు లోటుండదు, ఏదైనా కట్టడానికి కావాల్సిన హ్యామర్లకే కరువు. నీటి గడి ఒక్క హ్యామరూ ఇవ్వదు. కాబట్టి చేపలతో జనాభాను పెంచి, స్లేవరీ (బానిసత్వం) విధానం పెట్టి, కొరడా ఝళిపించడమే, అంటే జనాభాను బలిచ్చి పనులు తొందరగా ముగించడమే దారి. మామూలు స్పీడ్‌లో ఒక్క జనాభాకు 30 హ్యామర్లు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, అలానే ఆడేవాళ్లం.

2010లో ఐదో భాగం రవాణా ఓడలను ఎత్తేసింది. ఆప్టిక్స్ టెక్నాలజీ వస్తే చాలు, సైనికులు తామే నీళ్లలోకి దిగిపోతారు. ఓడలు ఊళ్లను ఆక్రమించలేకపోవడం మాత్రం పెద్ద చికాకు. ఊరిని కొట్టి కొట్టి సున్నాకు తెచ్చినా, లోపలికి పోవడానికి నేల మీది సైనికుడు ఎవడో ఒకడు రావాల్సిందే. 2012లో గాడ్స్ అండ్ కింగ్స్ అనే అదనపు ప్యాక్ వచ్చాకే ఆ పని చేసే ఓడలు దొరికాయి. అప్పటి నుంచి దీవుల మీద నౌకాదళం ఉన్నవాడిదే రాజ్యం. కంప్యూటర్ ప్రత్యర్థికి సముద్రం మీద ఆట చేతకాకపోవడం కూడా మనకు కలిసొచ్చింది.

2019లో ఆరో భాగంలోకి వచ్చిన మావోరీలకైతే (న్యూజీలాండ్ మూలవాసులు) ఆట మొదలయ్యేదే నడిసముద్రంలో.

2025 నాటి ఏడో భాగం మళ్లీ పాత భయాన్ని తెచ్చింది. ఆటలో మొదటిదైన యాంటిక్విటీ యుగంలో లోతు సముద్రం దాటనే దాటలేం. తర్వాతి ఎక్స్‌ప్లొరేషన్ యుగంలో దాటనిస్తుంది గానీ, మొదట్లో లోతు నీళ్లలో ఓడకు దెబ్బ తగులుతూనే ఉంటుంది. ట్రైరీమ్‌ది నాణెం ఎగరేసిన లెక్క. ఇక్కడ ఓడ ఆరోగ్యం ఎంత తరిగిందో కళ్ల ముందే కనిపిస్తుంటుంది, ఇంకా ఒడ్డు కనబడదు.