పిల్లల శ్వాస, గొంతు, మింగడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లల ఈఎన్‌టీ డాక్టరుగా రోజూ వినే మాటలివి.

అపోహ: "చెనిక్కాయ గింజ అడ్డం పడింది. దగ్గి దగ్గి ఊరుకున్నాడు, దిగిపోయినట్టే."

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం ఈ మాటంటేనే. చిత్తూరు పల్లెల్లో చెనిక్కాయలు పీకే రోజుల్లో ఏ వసారాలో చూసినా కాయల రాశే. రెండేళ్ల బిడ్డ ముందు పళ్లతో కొరకగలడు, నమిలే దవడ పళ్లు ఇంకా పూర్తిగా వచ్చుండవు. నవ్వుతూనో పరిగెత్తుతూనో తింటే గింజ బద్ద శ్వాసనాళంలోకి జారుతుంది. కాసేపు ఉక్కిరిబిక్కిరి అవుతాడు, తర్వాత మామూలుగా ఆడుకుంటాడు. గింజ మాత్రం లోపలే నాని ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ వాపొస్తుంది. కొన్నాళ్లకు జ్వరం, ఒకవైపే పిల్లికూతలు మొదలవుతాయి. ఆస్తమా అనుకుని మందులు వాడుతుంటారు. గింజ ఎక్స్‌రేలో కనబడదు, కాబట్టి ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన ధీమా పడొద్దు. తింటూ ఉక్కిరిబిక్కిరి అయ్యాడన్న సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. మత్తిచ్చి, బ్రాంకోస్కోపీ చేసి, అంటే నోటి గుండా శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి తీసేస్తాం. ఇంట్లో మాత్రం కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. నాలుగేళ్లు నిండేదాకా గింజలు వద్దు, పొడి కొట్టి అన్నంలో కలపండి.

అపోహ: "పసిబిడ్డకు గురగుర అంటే జలుబే. ముక్కులో రెండు చుక్కలు నూనె వేస్తే పోతుంది."

వాస్తవం: పుట్టిన కొన్ని వారాలకే మొదలై, ఊపిరి పీల్చేటప్పుడు కీచుమంటూ, ఏడ్చినా వెల్లకిలా పడుకోబెట్టినా ఎక్కువయ్యే శబ్దం చాలాసార్లు లారింగోమలేసియా. స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి, పీల్చినప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువ మందికి రెండేళ్లలోపు దానంతటదే తగ్గిపోతుంది. కానీ బరువు పెరగకపోయినా, పాలు తాగుతూ మధ్యలో రొప్పినా గొంతులోపల చూసే సన్నటి టెలిస్కోపుతో పరీక్ష చేయించాల్సిందే. డొక్కలు ఎగరేస్తుంటే, పెదాలు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక నూనె దగ్గు కూడా రానివ్వకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. అవ్వలకు చేతులు జోడించి చెబుతున్నా, మానేయండి.

అపోహ: "వస అరగదీసి నాకిస్తే గొంతు బాగై మాటలు వస్తాయి."

వాస్తవం: రావు. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి.

అపోహ: "అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, పెద్దయితే సర్దుకుంటుంది."

వాస్తవం: చాలామందికి అది స్వరతంతువుల మీద చిన్న కాయలే, వాయిస్ థెరపీతో తగ్గుతాయి. బొంగురు నెల దాటినా చూపించండి. రోజురోజుకీ పెరుగుతూ, ఊపిరికీ శబ్దం తోడైతే అసలు ఆగొద్దు. వైరస్ వల్ల వచ్చే పాపిల్లోమాలు, అంటే పులిపిర్ల లాంటి కండలు, గాలి దారినే మూసేస్తాయి.

అపోహ: "ఊపిరి ఆడటానికి మెడకు గొట్టం పెడితే ఇక జన్మంతా అంతే."

వాస్తవం: ఈ టెన్షన్‌తోనే కొందరు సంతకం పెట్టడానికి వెనకాడతారు. గాలి దారి ఇరుకు సరైతే చాలామంది పిల్లలకు గొట్టం తీసేస్తాం. అది ఉండగానే, వీలైన పిల్లలు గొట్టానికి తగిలించే స్పీకింగ్ వాల్వ్ అనే చిన్న మూతతో మాట్లాడతారు కూడా. ఇంటికి పంపే ముందు కఫం తీయడం, గొట్టం మార్చడం ఇంట్లో ఇద్దరికి నేర్పిస్తాం. బిడ్డ ఎక్కడుంటే అక్కడ ఒక విడి గొట్టం, కఫం లాగే సక్షన్ మిషన్ ఉండాలి, గుడికి వెళ్లినా సరే.