గారె చిల్లులో కూర్చుంటే వైఫై రాదు

గుంటూరులో మా బాబాయ్ వాళ్ల ఇల్లు కింద రెండు గదులు, పైన రెండు గదులు. పోయిన నెల వెళ్లినప్పుడు కాఫీ గ్లాసు చేతికిస్తూనే అడిగాడు: "ఏరా, నువ్వు ఇవన్నీ చదివావుగా. నాలుగు యాంటెన్నాలూ పైగది వైపే తిప్పి పెట్టాం. అయినా అక్కడ సిగ్నల్ ఒక్క గీతే. ఏంటంటావ్?"

రౌటర్ హాల్లో టీవీ స్టాండు కింది అరలో ఉంది. దాని నాలుగు కొమ్ములూ మెట్ల మీదుగా పైగదికి ఫిరంగుల్లా గురిపెట్టి ఉన్నాయి.

"అటు తిప్పారు కాబట్టే రావట్లేదు బాబాయ్" అన్నాను. నమ్మలేదు.

యాంటెన్నా అనగానే మన మనసులో మెదిలేది టార్చిలైటు. మొన ఎటు తిప్పితే వెలుగు అటు పోతుందనుకుంటాం. రౌటర్ పుల్ల పని అలా ఉండదు. దాన్ని నిటారుగా నిలబెడితే చుట్టూ తరంగాలు గారె ఆకారంలో పరుచుకుంటాయి. పుల్ల ఉండేది గారె చిల్లులో. మొన ఎటు చూస్తుందో చిల్లు కూడా అటే. బాబాయ్ వాళ్లు నాలుగు గారెల చిల్లుల్నీ పద్ధతిగా పైగదికి గురిపెట్టారన్నమాట.

ఎందుకిలా? పుల్ల లోపలి తీగలో ఎలక్ట్రాన్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి 240 కోట్ల సార్లు. ఆ ఊపే తరంగంగా బయటికొస్తుంది. రోకలితో దంచేవాళ్లని పక్కనుంచి చూడండి. రోకలి మూరెడు లేస్తుంది, మూరెడు దిగుతుంది. అదే డాబా మీద నుంచి వంగి సరిగ్గా నెత్తి మీదుగా చూస్తే రోకలి గుండ్రటి తల ఒక్కటే కనిపిస్తుంది, కదులుతున్నట్టే ఉండదు. చూసేవాళ్లకి అడ్డంగా ఎంత కదలిక కనిపిస్తే వాళ్ల వైపు అంత తరంగం వస్తుంది. మొన వైపు కూర్చున్నవాళ్లకి కదలిక సున్నా, తరంగమూ సున్నా. ఇంట్లో గోడల మీదా నేల మీదా తగిలి తిరిగొచ్చే తరంగాలు ఆ చిల్లుని కొంత పూడుస్తాయి కాబట్టి పైగదిలో ఆ ఒక్క గీతైనా వస్తోంది.

ఇంజనీరింగ్‌లో యాంటెన్నాల క్లాసులో మా సారు బోర్డు మీద 8 అంకెని అడ్డంగా పడుకోబెట్టి గీసి, "ఇది పరీక్షలో తప్పకుండా వస్తుంది, గీసి పెట్టుకోండి" అన్నారు. గీసుకున్నాం. వచ్చింది, మార్కులూ పడ్డాయి. గారెని నిలువుగా కోస్తే కనిపించేది అదేనని ఒక్క ముక్క చెప్పుంటే ఎంత బాగుండేది!

ఇక పిండి సంగతి, అంటే రౌటర్ పంపే మొత్తం శక్తి. అన్నివైపులా సమానంగా వెదజల్లే యాంటెన్నా ఆకారం పూర్ణం బూరె. అది లెక్కల్లోనే ఉంటుంది, ఎవరూ తయారు చేయలేరు. ఆ బూరె పిండితోనే గారె చేస్తే పైనా కిందా తగ్గిన పిండి పక్కలకి చేరుతుంది. పక్కల బలం 1.64 రెట్లవుతుంది. డబ్బా మీద రాసే డీబీఐ (బూరెతో పోలిస్తే బలం ఎంతో చెప్పే కొలత) లెక్కలో ఇది 2.15. ఆ లెక్కన 5 డీబీఐ అంటే సుమారు 3 రెట్లు, 9 డీబీఐ అంటే సుమారు 8 రెట్లు. పిండి మాత్రం చెంచాడు కూడా పెరగదు. రౌటర్ పంపేది అదే 100 మిల్లీవాట్ల చుట్టుపక్కల. గారెని అరచేత్తో నొక్కి అప్పడం చేశారంతే! కోణంలో కొలిస్తే మామూలు గారె మందం 78 డిగ్రీలైతే 9 డీబీఐ అప్పడం మందం 20 డిగ్రీల లోపే. రైలు పెట్టెలా వరసగా గదులున్న ఒకే అంతస్తు ఇంటికి అప్పడం పనికొస్తుంది. పైగదికి సిగ్నల్ రావట్లేదని ఎక్కువ డీబీఐ పుల్లలు కొనుక్కొచ్చి నిటారుగా పెడితే వచ్చేది కూడా తగ్గిపోవచ్చు.

కాస్త లెక్క చూద్దాం. 100 మిల్లీవాట్లంటే 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి సిగ్నల్ బలం చెప్పే కొలత). పది డెసిబెల్స్ తగ్గితే బలం పదోవంతు అయినట్టు. ఫోన్‌లో −70 డీబీఎం కనిపిస్తోందంటే, పంపినదాంట్లో మన చేతికందింది 100 కోట్లలో ఒక వంతు. అది చాలు, వీడియో బాగానే ఆడుతుంది. అడ్డేమీ లేకపోయినా మొదటి మీటరుకే 40 డెసిబెల్స్ పోతాయి, 10 మీటర్లకి 60. ఇటుక గోడ ఇంకొన్ని తింటుంది. ఇనపచువ్వల శ్లాబు 10 నుంచి 20 దాకా తినగలదు. ఇనప బీరువా అయితే తరంగాన్ని దూరనే దూరనివ్వదు. చిల్లులో కూర్చోవడమంటే ఈ గోడలు చాలవన్నట్టు ఇంకో గోడ కట్టుకోవడమే.

మాకు తెలిసిన ఒకాయన రౌటర్‌ని ఆగ్నేయంలో పెట్టించాడు, కరెంటు వస్తువు అగ్నిమూలలో ఉండాలని. వాస్తు ఏమో గానీ, ఇంటి మూలన పెడితే గారెలో మూడు వంతులు పక్కింటికీ వీధికీ పోతుంది. పైగా ఆ మూల వంటగది. ఫ్రిజ్ తలుపు ఇనుము, మైక్రోవేవ్ నడిచేదేమో 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, ఇద్దరూ ఒకే దారిలో కొట్టుకుంటారు. (ఆ 2.45 నీటి అణువు సహజంగా ఊగే వేగమని చాలామంది చెప్తారు. కాదు. మామూలు నీరు ఎక్కువగా పీల్చుకునేది 20 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో.)

ఇంకో సంగతి, తరంగానికి ఊగే దిక్కు కూడా ఉంటుంది. 1890ల్లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలతో ప్రయోగాలు చేస్తూ, ఆ దిక్కు పట్టుకోవడానికి బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం వాడాడు! పేజీల మధ్య తగరపు రేకులు పెట్టాడు. రేకులకి అడ్డంగా ఊగే తరంగం దూరిపోయింది, రేకుల వెంట ఊగేది ఆగిపోయింది. అలాగే ఫోన్ లోపలి యాంటెన్నాకీ తరంగం ఊగే దిక్కు కుదరాలి. మన ఫోన్ ఏమో చేతిలో ఒకసారి నిలువు, మంచం మీద ఒకసారి అడ్డం. అందుకే పుల్లలన్నీ ఒకే దిక్కున పెట్టకూడదు.

బాబాయ్ ముందే ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ పెట్టి పైగది మంచం మీద ఉంచాను. −76. కిందకి దిగి రెండు పుల్లలు నిటారుగా నిలబెట్టాను. మిగతా రెంటినీ ఒకటి గోడ వెంట, ఒకటి గోడకి అడ్డంగా పడుకోబెట్టాను. పడుకున్న పుల్ల గారె బండిచక్రంలా నిలబడుతుంది, పైఅంతస్తుకి కావలసింది అదే. పైనుంచి బాబాయ్ కేకేశాడు: "అరవై ఎనిమిది!" −76 నుంచి −68కి, ఎనిమిది డెసిబెల్స్ పెరిగింది, అంటే ఆరు రెట్ల బలం. పైసా ఖర్చు లేదు.

తర్వాత పది మీటర్ల లాన్ కేబుల్ తెప్పించి రౌటర్‌ని టీవీ కింది అరలోంచి మెట్ల మలుపు దగ్గర గోడకి ఎక్కించాం. −59. పైన బాత్రూంలో మాత్రం ఇంకా −83 దగ్గరే ఉంది, దానికీ ఏదో ఒకటి చూడమన్నాడు బాబాయ్. వంటింట్లోంచి పిన్ని అంది: "దాని జోలికి వెళ్లకురా. ఇప్పటికే అరగంటకి గానీ బయటికి రారు."