చెయ్యి లేపితే జబ్బ కలుక్కుమంటోందా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇళ్ళకి రంగులు వేసే పనివాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. పగలు పనిలో పడి తెలీదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే జబ్బ సలుపుతుంది. చెయ్యి పక్కనుంచి లేపితే 60 డిగ్రీల దాకా బాగానే వస్తుంది, ఆ తర్వాత కలుక్కుమంటుంది, 120 దాటాక మళ్ళీ తేలిక.

భుజం కీలుని నాలుగు కండరాల స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి) చుట్టి పట్టుకుని ఉంటాయి. దీన్నే రొటేటర్ కఫ్ అంటారు. పైన ఉండే స్నాయువు భుజం కొన ఎముక కిందుగా వెళ్తుంది. ఆ ఎముక రాసుకునే స్నాయువు దెబ్బతింటుందని 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ చెప్పాడు. ఎముకని కాస్త చెక్కేసే ఆపరేషన్ దాంతో బాగా వ్యాపించింది. అయితే 2017లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కెమెరా పెట్టి చూసి వదిలేశారు. రెండు గుంపులకీ ఉపశమనం దాదాపు ఒకటే! చెక్కడం వల్ల అదనంగా ఒరిగింది లేదు. అందుకే ఈ నొప్పికి ఆ ఆపరేషన్ వద్దని 2019లో నిపుణుల బృందం గట్టిగా చెప్పింది. అప్పు చేసి ఆపరేషన్‌కి సిద్ధపడేవాళ్ళకి ఈ మాట ముందే తెలియాలి.

స్కాన్‌లో స్నాయువుకి చిన్న చిరుగు కనిపించిందని కంగారుపడక్కర్లేదు. వయసు పైబడినవాళ్ళలో నొప్పి లేని భుజాల్లోనూ అవి కనిపిస్తాయి.

అసలు వైద్యం వ్యాయామం. గుమ్మం పక్కన నిలబడి, మోచెయ్యి నడుముకి ఆనించి మడిచి, ముంజేతి వెలుపలి వైపుతో గుమ్మాన్ని నొక్కాలి. చెయ్యి కదలదు, భుజం వెనక కండరం మాత్రం బిగుసుకుంటుంది. పది సెకన్లు పట్టి వదలాలి. నొప్పి తగ్గేకొద్దీ రబ్బరు బ్యాండు, తర్వాత బరువులు. కాస్త నొప్పి పుట్టినా మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదు. ఫలితానికి మూడు నెలలు పట్టొచ్చు. చెయ్యిని మెడకి కట్టేసుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది.

స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది. నొప్పితో వ్యాయామమే చేయలేనివాళ్ళకి అది పనికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది కాబట్టి డాక్టరుకి ముందే చెప్పాలి.

పడ్డాక చెయ్యి అసలు లేవకపోయినా, జ్వరంతో భుజం వాచినా ఆలస్యం చేయకూడదు. ఎడమ జబ్బ నొప్పితో గుండె పట్టేసి చెమటలు పడితే నేరుగా ఆసుపత్రికే. అది భుజం జబ్బు కాకపోవచ్చు.

పని మానడం కుదరనివాళ్ళు రోలరుకి పొడుగు కర్ర బిగించుకుని, చేతులు భుజం కంటే కిందే ఉండేలా చూసుకోవాలి. పైకప్పు పని ఒక్క రోజులో ముగించకుండా గోడల పనితో మార్చి మార్చి చేసుకోవాలి.