కార్డుతో చెల్లించిన డబ్బు 1099లో రాయాలా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో చిన్న వ్యాపారాల లెక్కలు రాసే మాకు జనవరి వస్తే ఊపిరి సలపదు. ఏడాదిలో మనకు పని చేసిపెట్టిన పెయింటరుకు, ప్లంబరుకు, ఫ్రీలాన్స్ ప్రోగ్రామరుకు ఎంత ఇచ్చామో చెప్పే 1099-ఎన్‌ఈసీ ఫారం ఆ నెల 31లోగా వారికీ వెళ్లాలి, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కూ వెళ్లాలి. నేను లెక్కలు చూసేవాటిలో తెలుగువాళ్ల రెస్టారెంట్లు, గ్యాస్ స్టేషన్లు, ఐటీ కన్సల్టింగ్ సంస్థలు చాలా ఉన్నాయి. కార్డు చెల్లింపుల విషయంలో ఏటా అవే అపోహలు వింటున్నాను. వాటివల్ల యజమానికంటే ఆ పని చేసిన మనిషికే ఎక్కువ నష్టం జరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎలా చెల్లించినా సరే, ఏడాది మొత్తం కలిపి 1099లో చూపించాలి.

వాస్తవం: క్రెడిట్ కార్డుతోనో డెబిట్ కార్డుతోనో ఇచ్చిన డబ్బును మీ 1099-ఎన్‌ఈసీలో చేర్చకూడదు. 2008లో చేసిన చట్టం ప్రకారం 2011 నుంచి ఆ వివరాలు ఐఆర్‌ఎస్‌కు చెప్పవలసింది కార్డు డబ్బును వెండర్‌కు, అంటే పని చేసి డబ్బు తీసుకునే వారికి, చేర్చే సంస్థ. అది 1099-కే అనే వేరే ఫారం ఇస్తుంది. ఒక పెయింటరుకు 5,000 డాలర్లు ఇచ్చారనుకుందాం. అందులో 3,000 చెక్కులతో, 2,000 కార్డుతో ఇచ్చారు. మీ ఫారంలో ఉండవలసింది 3,000 మాత్రమే. మీరు 5,000 రాస్తే, కార్డు సంస్థ చెప్పే 2,000 కూడా కలిసి అతని ఆదాయం 7,000 అని ఐఆర్‌ఎస్ రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ తేడాకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చేది మీకు కాదు, అతనికి. పక్కన అకౌంటెంటు లేని ఆ మనిషి పాత రసీదులు వెతుక్కుంటూ, తాను సంపాదించని డబ్బుకు పన్ను కట్టనక్కర్లేదని నిరూపించుకోవాలి.

అపోహ: లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ క్విక్‌బుక్స్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

వాస్తవం: సగమే చూసుకుంటుంది. ఖర్చు నమోదు చేసేటప్పుడు చెల్లింపు ఖాతాగా క్రెడిట్ కార్డు రకం ఖాతాను ఎంచుకుంటే, ఆ మొత్తాన్ని 1099 లెక్కలోంచి తానే తీసేస్తుంది. చిక్కంతా డెబిట్ కార్డుతోనే. ఆ డబ్బు చెకింగ్ ఖాతాలోంచి పోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు అది చెక్కులాగే కనిపించి, లెక్కలో కలిసిపోవచ్చు. పేపాల్‌ను బ్యాంకు ఖాతాగా పెట్టుకున్నవారిదీ ఇదే సమస్య. ఇలాంటి వాటిలో చెక్కు నంబరు రాసే గడిలో డెబిట్, వీసా, పేపాల్ లాంటి గుర్తింపు పదం ఇంగ్లీషులో నింపితే క్విక్‌బుక్స్ ఆ లావాదేవీని పక్కన పెడుతుంది. ఏ పదాలను అది గుర్తిస్తుందో వాళ్ల సహాయ పేజీలో ఉంటుంది, చూసి సరిగ్గా అలాగే రాయండి. ఈ పని జనవరిలో కూర్చుని చేసేది కాదు. లావాదేవీ బ్యాంకు ఫీడ్‌లోకి, అంటే బ్యాంకు నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా వచ్చే జాబితాలోకి, వచ్చినప్పుడే చేయాలి.

యజమాని సొంత క్రెడిట్ కార్డుతో ప్లంబరుకు డబ్బిచ్చి, తర్వాత కంపెనీ నుంచి చెక్కు తీసుకోవడం మరో సందర్భం. అక్కడ చెక్కు యజమాని పేరుమీదే నమోదు కావాలి. దాన్ని ప్లంబరు పేరుమీద రాస్తే, కార్డుతో వెళ్లిన డబ్బు చెక్కుతో వెళ్లినట్టు 1099లోకి వచ్చేస్తుంది. ఫారాలు పంపేముందు ఏ చెల్లింపులు చేరాయో, ఏవి మినహాయించారో చూపే రిపోర్టు తెరిచి ఒక్కో వెండర్ వరుసా చదవండి. నా మాటల్లో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది మాత్రం చేయండి.

అపోహ: డబ్బు పంపే జెల్, వెన్మో, పేపాల్ అన్నీ ఒకటే.

వాస్తవం: జెల్ ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపుతుంది, 1099-కే ఇవ్వదు. కాబట్టి జెల్‌తో ఇచ్చినది చెక్కుతో ఇచ్చినట్టే, మీరే చూపించాలి. పేపాల్‌లోనో వెన్మోలోనో వ్యాపార చెల్లింపుగా పంపినది మీ ఫారంలోకి రాదు. ఫీజు మిగులుతుందని అదే డబ్బును స్నేహితులకు, కుటుంబానికి పంపే పద్ధతిలో పంపితే మాత్రం దాన్ని చూపించే బాధ్యత మళ్లీ మీదే. ఇక్కడే ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది. ఏడాదికి 20,000 డాలర్లూ 200 లావాదేవీలూ దాటితే తప్ప పేపాల్ 1099-కే ఇవ్వనక్కర్లేదు కదా, అంతకు తక్కువైతే మనం ఇవ్వాలా? అక్కర్లేదు. వాళ్ల హద్దు దాటినా దాటకపోయినా ఆ డబ్బు మీ లెక్కలోకి రాదు.

అపోహ: 1099 ఇవ్వకపోతే ఆ ఖర్చును పన్నులో చూపించుకోలేం.

వాస్తవం: రెండూ వేరు. కార్డుతో పెట్టిన వ్యాపార ఖర్చుకు రసీదు ఉంటే చాలు, మినహాయింపు మీదే. బ్యాంకు క్రెడిట్ కార్డుతో డిసెంబరు 28న గీకి బిల్లు జనవరిలో కట్టినా, ఖర్చు డిసెంబరుదే అవుతుంది. అయితే ఆ కార్డు బిల్లు కట్టడాన్ని మళ్లీ ఖర్చుగా రాయకండి. అది ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు జరిగే బదిలీ మాత్రమే. ఒకే ఖర్చు రెండుసార్లు పడిన పుస్తకాలు నేను చాలానే సరిచేశాను.

అపోహ: కార్డుతోనే ఇస్తున్నాం, ఇక వెండర్ తన పేరు, పన్ను నంబరు రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారం ఎందుకు?

వాస్తవం: వచ్చే నెల ఆ మనిషి చెక్కు అడగవచ్చు. మొదటి చెల్లింపుకు ముందే డబ్ల్యూ-9 తీసుకోండి. పన్ను నంబరు ఇవ్వనివారికి 1099 కిందికి వచ్చే చెల్లింపుల్లోంచి 24 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కు కట్టాలి. కార్పొరేషన్లకు సాధారణంగా 1099 అక్కర్లేదు, లాయర్ల ఫీజుకు ఆ మినహాయింపు లేదు. పేరు చివర ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) అని ఉన్నంత మాత్రాన కార్పొరేషన్ అనుకోకండి, డబ్ల్యూ-9లో టిక్ ఎక్కడ ఉందో చూడండి.

ఇక ఏడాదికి ఒక వెండర్‌కు ఎంత ఇస్తే 1099-ఎన్‌ఈసీ ఇవ్వాలనే హద్దు సంగతి. 2025లో చేసిన చెల్లింపుల వరకు 600 డాలర్లు. 2026 జనవరి 1 నుంచి చేసే చెల్లింపులకు అది 2,000 డాలర్లు అయింది. ఈ మొత్తాన్ని కార్డు చెల్లింపులు తీసేశాకే లెక్కించాలి.

పంపేసిన ఫారంలో కార్డు డబ్బు కలిసిందని తర్వాత తెలిస్తే, సవరించినట్టు గడిలో టిక్ పెట్టి సరైన మొత్తంతో కొత్త ఫారాన్ని వెండర్‌కూ ఐఆర్‌ఎస్‌కూ పంపండి. రిటర్ను గడువైన ఏప్రిల్ 15 దాకా ఆగకుండా ముందు వెండర్‌కు ఫోను చేసి చెప్పండి, అతను తప్పు అంకెతో రిటర్ను వేయకుండా ఉంటాడు.