క్రాన్‌బెర్రీ ఎరుపు చెప్పేదెంత?

క్రాన్‌బెర్రీ అనే చిన్న పుల్లటి పండు ఎంత ఎర్రగా ఉంటే అంత యాంటీఆక్సిడెంట్ శక్తి, అంటే హాని చేసే చురుకైన అణువులకి ఎలక్ట్రాన్ ఇచ్చి శాంతపరిచే గుణం, ఉన్నట్టేనా? ముందు ఆ పండుని చాకుతో అడ్డంగా కోసి చూడండి. పైకి అంత ఎర్రగా మెరిసే పండు లోపల దాదాపు తెల్లగా ఉంటుంది. మధ్యలో నాలుగు ఖాళీ గదులు, వాటిలో చిన్న చిన్న గింజలు. కోతకి ముందు తోటలో నీళ్లు నింపితే పండ్లు పైకి తేలేది ఆ గదుల్లోని గాలి వల్లే. రంగు మాత్రం దాదాపు అంతా తొక్కలోనే ఉంటుంది.

రకానికీ రకానికీ ఉండే తేడా చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ దగ్గర అడవి తీగల నుంచి 19వ శతాబ్దంలో ఎంచుకున్న పాత రకం ఎర్లీ బ్లాక్. పండు చిన్నది, బాగా పండితే నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు. స్టీవెన్స్ అనేది రెండు రకాలను సంకరం చేసి 1950లో విడుదల చేసిన రకం. పండు పెద్దది, దిగుబడి ఎక్కువ, రంగు తక్కువ. లెక్క చూడండి: పండు అడ్డుకొలత రెట్టింపైతే లోపలి గుజ్జు ఎనిమిది రెట్లు పెరుగుతుంది, తొక్క వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. అంటే గ్రాము పండుకి వచ్చే తొక్క సగానికి పడిపోతుంది. అయితే పరిమాణం ఒక్కటే కారణం కాదు, జన్యువుల పాత్రా ఉంది. ఎండ కూడా ముఖ్యమే. ఒకే తీగకి కాసినా, ఆకుల నీడలో దాక్కున్న పండు పాలిపోయే ఉంటుంది.

ఆ ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. క్రాన్‌బెర్రీలో ఇవి ముఖ్యంగా రెండు కుటుంబాలు: సయనిడిన్, పియోనిడిన్. వీటికి గాలక్టోజ్, అరబినోజ్ లాంటి చక్కెరలు అతుక్కుని ఉంటాయి. రెండింటికీ తేడా చాలా చిన్నది. సయనిడిన్‌లో పక్కపక్కనే ఉండే రెండు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గుంపుల్లో ఒకదానికి మిథైల్ (కార్బన్-హైడ్రోజన్) టోపీ పెడితే పియోనిడిన్ అవుతుంది. ఎలక్ట్రాన్‌ని సులువుగా ఇచ్చే గుణం ఆ జంటదే కాబట్టి, ఒకదాన్ని మూసేస్తే చాలా పరీక్షల్లో యాంటీఆక్సిడెంట్ బలం తగ్గుతుంది. కాబట్టి రెండు రకాల పండ్లు కంటికి ఒకేలా ఎర్రగా కనిపించినా వాటి యాంటీఆక్సిడెంట్ శక్తి ఒకటే కానక్కర్లేదు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆ శక్తిని కొలిచే పరీక్షల్లో బాగా వాడేది డీపీపీహెచ్. ఇది ముదురు ఊదా రంగు ద్రావణం, అందులోని అణువులకి ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా ఉంటుంది. పండు సారం చుక్క వేస్తే ఆ లోటు తీరి, ఊదా రంగు మెల్లగా పసుపుకి తిరుగుతుంది. ఎంత వెలిసిందో యంత్రం కొలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. క్రాన్‌బెర్రీ ఎరుపు కూడా దాదాపు అదే తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. సారం సొంత రంగుని లెక్కలోంచి తీసేయకపోతే ఫలితం తప్పుతుంది.

ఎరుపుతో సంబంధం లేకుండా యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసేవీ పండులో బోలెడున్నాయి. క్వెర్సిటిన్, మైరిసిటిన్ లేత పసుపువి, ఎరుపు ముందు కనిపించవు. విటమిన్ సి, ప్రోయాంథోసయనిడిన్లకైతే రంగే లేదు. ఈ ప్రోయాంథోసయనిడిన్లు పండు ఎరుపెక్కకముందే పుష్కలంగా ఉంటాయి. పాలిపోయిన పండులో ఏమీ లేదనుకోవడం అందుకే పొరపాటు. మూత్రనాళం గోడలకి ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా అతుక్కోకుండా చేస్తాయని ప్రయోగశాలలో గమనించింది కూడా ఈ రంగులేని వాటినే. 2020లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆధారాలు పరిమితమని స్పష్టంగా రాయాలన్న షరతుతోనే, క్రాన్‌బెర్రీ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే ముప్పుని తగ్గించవచ్చని లేబుల్‌పై చెప్పుకోనిచ్చింది. ఇన్‌ఫెక్షన్ వచ్చాక ఇది మందు కాదు.

పరీక్షనాళికలో వచ్చిన అంకె ఒంట్లో అలాగే పనిచేయదు. ఆంథోసయనిన్లలో రక్తంలోకి చేరేది చాలా కొద్దిభాగం. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ అంకెల పట్టికను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. అది మంచి నిర్ణయమనే నేను అంటాను. రకం పేరు, పరీక్ష పేరు లేకుండా చెప్పే అంకెని నేను నమ్మను.

రంగుకి విలువ లేదని కాదు. జ్యూస్ తీసేవాళ్లు ముదురు పండునే కోరుకుంటారు. ఎండబెట్టి తీపి కలిపి అమ్మేవాళ్లకి మాత్రం పెద్దగా, గట్టిగా ఉండే పండు కావాలి. ఆ తయారీలో పండుని కోసి ముందు రసం లాగేస్తారు, తర్వాత చక్కెర పట్టిస్తారు. లాగేసిన ఆ రసంతోపాటే ఎరుపులో పెద్ద భాగం వెళ్లిపోతుంది.