‘దోమ’ అంటే ఏ దోమ? పొలం, చెరువు, అక్కడి జీవులు: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో పొలం గట్ల మీద, పంట బోదెల్లో, మడ అడవుల అంచుల్లో ఏ జీవి ఏం తిని బతుకుతుందో చూసి రాసుకోవడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒకరు "దోమ ఎక్కువైపోయిందమ్మా, ఏం మందు కొట్టమంటారు?" అని అడుగుతారు. "ఏ దోమండీ?" అని నేను తిరిగి అడుగుతాను. మన భాషలో రక్తం తాగేదీ దోమే, వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమా దోమే, పత్తి ఆకు అడుగున ఉండే తెల్లదోమా దోమే. మూడూ వేర్వేరు పురుగులు. పుట్టే చోటు వేరు, వాటిని తినే జీవులు వేరు. ఆ సంగతి చూసుకోకుండా మందులు కొట్టడం, చేపలు వదలడం, పాముల్ని చంపడం వల్ల జరిగే నష్టం నేను ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నాను. అందుకే తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని, మాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: వరిలో సుడిదోమ కనబడితే ఘాటైన మందు కొట్టాలి.

వాస్తవం: ముందు లెక్కపెట్టాలి. సుడిదోమ ఉండేది ఆకుల మీద కాదు, దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. గట్టు మీద నిలబడితే కనబడదు. చేలోకి దిగి, దుబ్బును పక్కకు వంచి, అరచేత్తో రెండు దెబ్బలు తట్టండి. గోధుమ రంగు పురుగులు నీళ్ల మీద రాలతాయి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తర్వాత 20 నుంచి 25 దాటితేనే మందు గురించి ఆలోచించాలి. అదే నీటి మీద ఇంకేం రాలాయో కూడా చూడండి. చకచకా పరుగెత్తే సాలీళ్లుంటాయి. సన్నగా, పచ్చగా ఉండే మిరిడ్ నల్లులుంటాయి. అలాంటి సాలీడు ఒక్కటి రోజుకు ఐదు నుంచి పదిహేను పురుగుల్ని తింటుంది. మిరిడ్ నల్లి సుడిదోమ గుడ్లను వెతికి వెతికి పీల్చేస్తుంది. జీతం అడగని కూలీలు ఇవి.

తగిలిన పురుగునల్లా చంపే సింథటిక్ పైరిథ్రాయిడ్ల లాంటి మందు కొడితే ముందు పోయేవి ఇవే. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు అక్కడికి చేరదు. ఆ గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినే పురుగు చేలో మిగలదు. మందు కొట్టిన చేలోనే దోమ రెట్టింపు లేవడానికి కారణం ఇదే.

ఒక సార్వాలో, అంటే వానాకాలపు వరి పంటలో, నేను రోజూ లెక్కలు తీసుకునే చేను పక్కనే ఓ పెద్దాయన చేను ఉండేది. ఆయన నాలుగుసార్లు మందు కొట్టారు. చివరికి చేను మధ్యలో చాపంత మేర గుండ్రంగా ఎండింది. అది రోజురోజుకీ పెద్దదైంది. "పొరపాటు ఎక్కడ చేశానమ్మా?" అని ఆయన అడిగితే నాకు గొంతు పెగల్లేదు. ఆయన బద్ధకస్తుడు కాడు. ఊళ్లో అందరికంటే ముందు మందు కొట్టిన మనిషి. పొరపాటల్లా ఆ మొదటి స్ప్రేలోనే ఉంది.

ఇది మన ఒక్క ప్రాంతపు కథ కాదు. ఇండోనేషియాలో సుడిదోమ ఇలాగే చెలరేగితే, ఆ దేశాధ్యక్షుడు 1986లో ఉత్తర్వు ఇచ్చి వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించాడు. తర్వాత పురుగుమందుల మీద సబ్సిడీ కూడా ఎత్తేశారు. దిగుబడి పడిపోలేదు. అక్కడి రైతులకు నేర్పింది కొత్త మందు కాదు, దుబ్బు వంచి చూడడం.

మన దగ్గర చేయగలిగినవి కూడా ఖర్చులేని పనులే. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. యూరియా మోతాదు మించకుండా చూడండి. దోమ కనబడగానే నీళ్లు తీసి చేను కొంచెం ఆరబెట్టండి. లెక్క దాటి మందు తప్పనిసరైతే వ్యవసాయ అధికారిని అడిగి సుడిదోమకు పనిచేసేదే తెచ్చి, దుబ్బు మొదట్లో తడిసేలా కొట్టండి.

అపోహ: గుడ్లగూబ ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుంది.

వాస్తవం: పాడుబడ్డ రైస్ మిల్లుల్లో, గుడి గోపురాల్లో ఉండే తెల్ల గుడ్లగూబ గురించే ఎక్కువగా ఈ మాట అంటారు. అది ఎలుకను దాదాపు మొత్తంగా మింగేస్తుంది. అరగని వెంట్రుకలు, ఎముకలు ఉండకట్టి, కొన్ని గంటల తర్వాత నోటి నుంచి కక్కేస్తుంది. ఆ ఉండలు ఏరుకొచ్చి విప్పడం మా పనిలో నాకు చాలా ఇష్టమైన భాగం. బొటనవేలంత ఉండను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో మెల్లగా విడదీస్తే బూడిదరంగు బొచ్చు లోంచి పుర్రెలు బయటపడతాయి. ముందుపళ్లు నారింజ రంగులో ఉంటే ఎలుక జాతి అని తెలిసిపోతుంది. ఒక్క ఉండలో మూడు పుర్రెలు చూసిన రోజులున్నాయి. బడి పిల్లలకు దీన్ని చూపిస్తే మొదట ముక్కు మూసుకుంటారు, ఐదు నిమిషాల తర్వాత పట్టకారు కోసం కొట్టుకుంటారు.

మలేషియాలో ఆయిల్‌పామ్ తోటల్లో, ఇజ్రాయెల్‌లో పొలాల్లో వీటి కోసం చెక్క పెట్టెలు కట్టి మరీ పెంచుతున్నారు. మన దగ్గర దీన్ని రాళ్లతో కొడతారు.

దీనికి రాళ్లకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. అది కింద రాస్తున్నాను.

అపోహ: ఎలుకల మందు ఎలుకనే చంపుతుంది. ఎంత ఎక్కువ చల్లితే అంత మంచిది.

వాస్తవం: మన డెల్టాలో ఎక్కువగా వాడే బ్రోమోడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, పట్టపగలే గట్టు మీద తిరుగుతుంది. గుడ్లగూబకు, జెర్రిపోతుకు, ఊరకుక్కకు అంతకంటే సులువుగా దొరికే తిండి ఏముంటుంది? దాంతోపాటే మందు వాటి ఒంట్లోకి వెళ్లి కాలేయంలో పేరుకుంటుంది.

మందు అసలు వాడొద్దని నేను అనను. చేను తినేస్తుంటే రైతు చూస్తూ కూర్చోలేడు. కానీ పద్ధతి ఉంది. మొదటి రోజు గట్ల మీదున్న బొరియలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు వేటి మట్టి తీసి ఉందో వాటిలోనే ఎలుక ఉన్నట్టు. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు పొడి కలపాలి. కలిపేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. 10, 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి బొరియ లోపల పెట్టండి. గట్టు మీద వెదజల్లొద్దు. చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టండి. ఇది ఊరంతా కలిసి ఒకేసారి, వరి పొట్టకు రాకముందే చేయాలి. ఒక్క చేలో చేస్తే పక్క చేలోంచి మళ్లీ వస్తాయి. వెన్ను వచ్చాక పాలగింజలు వదిలి మీ నూకలు ఏ ఎలుకా ముట్టదు. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు మీ దగ్గర్లో ఉంటే ముందు వాళ్లను పిలవండి. ఏ బొరియలో ఎలుక ఉందో మట్టి చూసి చెప్పగలరు. నేను బొరియల లెక్క నేర్చుకున్నది పుస్తకంలో కాదు, వాళ్ల వెనక నడిచి.

అపోహ: జెర్రిపోతు తోకలో విషం ఉంటుంది, అది నాగుపాముతో జతకడుతుంది.

వాస్తవం: జెర్రిపోతుకు తోకలోనూ విషం లేదు, కోరల్లోనూ లేదు. నాగుపాముతో పెనవేసుకుందని మనం చూసేది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. గుడ్లగూబ దూరలేని బొరియలోకి దూరి పిల్లలతో సహా ఎలుకల్ని ఇది తినగలదు.

ఇలా చెబుతూనే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున సుమారు 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల వాళ్లే, అదీ వానాకాలంలో. రక్తపింజరి, కట్లపాము, నాగుపాము ఉన్న చేలో పాముల్ని ప్రేమించండి అని ఊరికే చెప్పి వెళ్లిపోవడం అన్యాయం. రాత్రి నీరు పెట్టడానికి వెళ్తే టార్చి, చేతికర్ర, కాళ్లకు బూట్లు ఉండాలి. కాటు పడితే కోయొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, పసరు మందుతో గంటలు పోగొట్టొద్దు. కాలు కదపకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: గంబూసియా చేపలు వదిలితే రక్తం తాగే దోమల బాధ పోతుంది. రసాయనం కాదు కాబట్టి నష్టమేమీ లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ అపోహే. ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసే పని ఇది. గంబూసియా ఉత్తర అమెరికా చేప. మన దేశానికి 1928లో తెచ్చారు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అందుకే ఒక్క సీజన్‌లో చెరువు నింపేస్తుంది. దోమ లార్వాలను, అంటే నీటిలో పెరిగే దోమ పిల్లల్ని తింటుంది, నిజమే. వాటితోపాటు కప్ప తోకపిల్లల్ని, తూనీగ పిల్లల్ని, మన చేపల గుడ్లను, పిల్లల్ని కూడా తింటుంది. తూనీగ పిల్ల నీటిలో ఉన్నంతకాలం దోమ లార్వాలను కూడా తింటుందని, రెక్కలొచ్చాక ఎగిరే దోమల్ని పడుతుందని గుర్తుంచుకోండి. దోమకున్న శత్రువుల్నే తినే చేపను తెచ్చి వదులుతున్నాం. ప్రపంచంలోని అతి చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది.

ఒకసారి ఓ ఊరి కుంటలో వల వేశాం. అంతకు మూడేళ్ల ముందు అదే కుంటలో తలపైన తెల్లని మెరుపు చుక్క ఉండే చిన్న చేపలు దోసిట్లోకి వచ్చేవి. నీటి పై పొరలోనే తిరుగుతూ దోమ లార్వాలను ఏరుకుతినే మన చేప అది. ఈసారి వలలో పడినవన్నీ గంబూసియాలే. ఆ వానాకాలం ఆ గట్టున కప్పల అరుపు కూడా బాగా తగ్గింది. కప్ప పొలానికి చేసే మేలు చూసే 1987లో కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం ఆపేసింది. అంత చేసి, ఇప్పుడు తోకపిల్లల్ని తినే చేపను మనమే వదులుతున్నాం.

బయటికి దారిలేని సిమెంటు తొట్టెల్లో, ఫౌంటెన్లలో దాన్ని వాడటంపై నాకు అభ్యంతరం లేదు. చెరువు, కుంట, వాగు, పంట బోదె, వరిచేనుల్లోకి మాత్రం వదలొద్దు. అసలు డెంగీ దోమ చెరువులో పెరగదు. మీ పెరట్లో డ్రమ్ములో, కూలర్‌లో, పాత టైర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే "ఫ్రైడే డ్రైడే" అని వారానికోసారి నీళ్లు పారబోయమంటారు. పారబోస్తే సరిపోదు, డ్రమ్ము లోపలి గోడను పీచుతో రుద్దాలి. గుడ్లు నీటి అంచున గోడకే అతుక్కుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.

అపోహ: వీధిలో పొగ కొడితే దోమలు పోతాయి.

వాస్తవం: పొగ తగిలిన దోమ చస్తుంది. నీటిలో ఉన్న లార్వాకు ఏమీ కాదు. డెంగీ కేసులున్న వీధిలో అత్యవసరంగా వాడాలే గానీ, వారంవారం డ్రమ్ములు కడిగే పనికి అది బదులు కాదు.

అపోహ: నీటికుక్కలు, బావురుపిల్లులు చెరువులో చేపలన్నీ ఖాళీ చేస్తాయి.

వాస్తవం: కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో ఈ రెండూ ఉన్నాయి. బావురుపిల్లి నీళ్లలో దిగి వేటాడే పిల్లి. చేపలతోపాటు పీతల్ని, ఎలుకల్ని కూడా తింటుంది. చెరువు గట్టుకు బొరియలు పెట్టి గండి పడేలా చేసేవాటిలో ఎలుకలు కూడా ఉన్నాయని చెరువు రైతులకు వేరే చెప్పక్కర్లేదు. అప్పుడప్పుడు చేపలు పోతాయి, కాదనను. ఆ బాధ ఉన్నచోట గట్టు చుట్టూ వల కట్టుకోండి. ఉచ్చు, కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. అది నేరం. పైగా ఆ తీగకు రాత్రిపూట మన మనుషులే తగిలి పోతున్నారు.

అపోహ: ఇంట్లో అక్వేరియం చేప పెద్దదైతే చెరువులో వదలడం పుణ్యం.

వాస్తవం: గాజుతొట్టెకు పట్టిన నాచు తినడానికి కొనే ముళ్ల చేప, మన వాళ్లు ఇప్పుడు రాకాసి చేప అంటున్నది, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఒంటినిండా పెంకు, గట్టి ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, గట్లకు బొరియలు పెడుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో వలలు లాగేవాళ్లకు దీని సంగతి బాగా తెలుసు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెరువు నీటి నమూనాలోని డీఎన్‌ఏను బట్టి ఈ చేప అక్కడ ఉందో లేదో చెప్పే పద్ధతి తయారు చేశారు. పెంచలేకపోతే అమ్మిన షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునేవాళ్లకు ఇవ్వండి. వలలో పడితే మళ్లీ నీళ్లలోకి విసరకండి. ఒక ఫొటో తీసి, ఏ చెరువో, ఏ తేదీనో రాసి మీ మత్స్యశాఖ అధికారికి పంపండి.