రాళ్ళ మధ్య పూలమొక్కలు: తిరుపతిలో రాక్ గార్డెన్ వేసేవారి అపోహలు, వాస్తవాలు

అపోహ: ఆబ్రీషియా, క్రీపింగ్ ఫ్లాక్స్ విత్తనాలు తెప్పించి చల్లితే, ఫొటోల్లో ఉన్నట్టే ఉగాదికి రాళ్ళంతా పూలతో నిండిపోతాయి.

వాస్తవం: అవి చలిదేశాల మొక్కలు. వారాల తరబడి గట్టి చలి తగిలితే గాని నిండుగా పూయవు. తిరుపతిలో సంక్రాంతి రోజుల్లో కూడా ఆ చలి ఉండదు. మొలిచినా ఏప్రిల్ ఎండకు మాడిపోతాయి. ఇక్కడ నిలిచేవి వేరు. చలికాలం చివర్లో దళసరి ఆకుల మొక్క కలాంచో పూస్తుంది, ఎండ ముదిరేకొద్దీ గడ్డి గులాబీ. నీలిపూలు కావాలంటే విష్ణుక్రాంత జాతికే చెందిన ఎవాల్వులస్ ఉంది. నేలపై పాకే వెడీలియా మాత్రం పెట్టకండి, రెండు వానలు పడితే మిగతా మొక్కల్ని కప్పేస్తుంది.

అపోహ: మన ఎండలకే ఈ మొక్కలు చచ్చిపోతాయి.

వాస్తవం: ఎక్కువ మొక్కల్ని చంపేది మే కాదు, నవంబరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానకు మొదలు దగ్గర తడి ఆరదు. కలాంచో కాండం మట్టిని తాకే చోట గోధుమరంగు మచ్చ వస్తుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతుంది. పైన ఆకులు వాడి కనిపిస్తాయి. దాహమనుకుని ఇంకో మగ్గు నీళ్ళు పోస్తే ఇక అంతే. మచ్చకు పైన, కోసినచోట లోపలంతా పచ్చగా కనిపించేదాకా కోయండి. ఆ కొమ్మను మూడు రోజులు నీడలో ఆరబెట్టి ఇసుకలో గుచ్చితే చాలావరకు బతుకుతుంది.

అపోహ: అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీళ్ళు దిగిపోతాయి.

వాస్తవం: సన్నని మట్టిలోని నీరు కింది పెద్ద ఖాళీల్లోకి సులభంగా దిగదు, పొర పైనే ఆగిపోతుంది. అంటే తడి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళు అడుగున కాదు, మట్టిలోనే కలవాలి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒకటి, 6 మి.మీ. చిప్స్ (సన్న కంకర) ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి. మడి నేలకంటే అడుగు ఎత్తులో ఉండాలి. నాటాక మొదలు చుట్టూ అంగుళం మందాన చిప్స్ పరిస్తే మెడ, అంటే కాండం మట్టిని తాకే చోటు, పొడిగా ఉంటుంది. చిప్స్ బదులు క్వారీ డస్ట్ (రాతిపొడి) వాడితే నాలుగు తడులకే గట్టిపడిపోతుంది.

పెద్ద రాళ్ళను మూడో వంతు మట్టిలో పూడ్చి, కాస్త వెనక్కి వాలేలా పెట్టండి. వాన నీరు వెనక మట్టిలోకి ఇంకుతుంది, మట్టి కొట్టుకుపోదు. పడమటి ఎండ తగిలిన గ్రానైట్ రాత్రి దాకా వేడి వదలదు కాబట్టి కలాంచోను రాయికి తూర్పు పక్కన నాటాలి. గడ్డి గులాబీకి ఆ బాధ లేదు. శేషాచలం అడవి నుంచి రాళ్ళు తేవద్దు, అది రక్షిత ప్రాంతం. గ్రానైట్ కోసే యూనిట్ల దగ్గర ముక్కరాళ్ళు దొరుకుతాయి.

అపోహ: కలాంచో ఒకసారే పూస్తుంది, తర్వాత పారేయాలి.

వాస్తవం: అది బహువార్షికం. మొగ్గ కట్టడానికి దానికి కావలసింది పొడవైన చీకటి. వీధిలైటు కింద పెట్టిన మొక్క ఆకులతోనే ఉండిపోతుంది. డిసెంబరు మొదటివారం నుంచి ఆరు వారాలపాటు, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా అట్టపెట్టె బోర్లించండి. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే మొగ్గలు ఆలస్యమవుతాయి. పూలు వాడగానే గుత్తికాడను కింద రెండు జతల ఆకుల దాకా కోసేసి, మే నెలంతా మధ్యాహ్నం నీడ పడేలా చూడండి.